కుడి 14, ఎడమ 12: ఈతగాళ్ల భుజాల్లో ‘ఇంబ్యాలెన్స్’ అంటే అసలేమిటి?

మా ఎదురు ఫ్లాట్‌లో ప్రొద్దుటూరు వాళ్లుంటారు. వాళ్లమ్మాయికి 13 ఏళ్లు. నాలుగేళ్లుగా బెంగళూరులో జయనగర్ వైపు ఒక పూల్‌లో ఈత కొడుతోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు వాళ్లింట్లో లైటు వెలుగుతుంది, అయిదుంబావుకల్లా స్కూటర్ బయల్దేరుతుంది. మొన్న ఎండాకాలంలో కుడి భుజం పట్టేస్తోందంటే ఒకచోట బలం పరీక్ష చేయించారు. మోచేతిని పక్కకు ఆనించి, అరచేతిని పొట్టవైపు తిప్పుతూ ఒక చిన్న యంత్రాన్ని గట్టిగా నొక్కమన్నారు. కుడి 14 కిలోలు, ఎడమ 12 కిలోలు వచ్చింది. పక్కనే ఎర్ర అక్షరాల్లో ‘ఇంబ్యాలెన్స్ 14.3 శాతం, ఎడమ బలహీనం’ అని రాసిచ్చారు. మనసు ఒప్పక వారం తర్వాత ఇంకోచోటికి తీసుకెళ్లారు. అక్కడా కుడి 14, ఎడమ 12. శాతం మాత్రం 15.4.

“అన్నా, వారంలోనే పెరిగిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఈత మాన్పించేద్దామా?” అని వాళ్లమ్మ రిపోర్టులు రెండూ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

పెరగలేదు. మొదటివాళ్లు 2 కిలోల తేడాను బలమైన చేతి 14తో భాగించారు. రెండోవాళ్లు రెండు చేతుల సగటు 13తో భాగించారు. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. పిల్ల భుజం అదే, బలం అదే, మారింది భాగహారం ఒక్కటే.

మా వాణ్ణి కూడా పూల్‌కి తీసుకెళ్తాను కాబట్టి ఇలాంటి కాగితాలు గ్యాలరీ బెంచీల మీద ఎన్నో చూశాను. శ్రీహరి నటరాజ్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటిలోనూ ఈదాక, 14 ఏళ్ల ధినిధి దేసింగు ఈ ఊరి నుంచే 2024లో పారిస్‌కు వెళ్లాక, బెంగళూరులో పిల్లల ఈతను తల్లిదండ్రులు చాలా సీరియస్‌గా తీసుకుంటున్నారు. అది మంచిదే. ఆ శ్రద్ధతోపాటు కొలతలు కూడా వచ్చాయి. ఆ కొలతలు ఏం చెబుతున్నాయో విడమరిచి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు

‘మజిల్ ఇంబ్యాలెన్స్’ అని మనం తేలిగ్గా అనే మాటలో మూడు సంగతులు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీయాలి.

మొదటిది కుడి ఎడమల మధ్య తేడా. ఇది జోడెద్దుల బండి లాంటిది. ఒక ఎద్దు ఎక్కువ లాగితే బండి పక్కకు వాలుతుంది. రిపోర్టులో ఎర్రగా కనబడేది ఎక్కువగా ఇదే, ఎందుకంటే కొలవడం సులువు.

రెండోది ఒకే భుజానికి ముందువైపు లాగే కండరాలకూ వెనకవైపు లాగే కండరాలకూ మధ్య తేడా. పందిరి గుంజను నాలుగు తాళ్లతో కట్టారనుకోండి. ముందు తాడును రోజూ కొంచెం కొంచెం బిగిస్తూ, వెనక తాడును కట్టినచోటే వదిలేస్తే గుంజ ముందుకు ఒరుగుతుంది. తాళ్లలో ఏదీ తెగలేదు, ఏదీ కుళ్లలేదు. అయినా గుంజ నిటారుగా లేదు. ఈతగాళ్ల భుజం విషయంలో ఎక్కువ పరిశోధన జరిగింది దీని మీదే.

మూడోది ఓపికకు సంబంధించింది. పరీక్షలో అయిదు సెకన్లు గట్టిగా నొక్కగలిగిన కండరం, మూడో కిలోమీటరు ఈదేటప్పుడు కూడా అదే పని చేయగలదా? దీన్ని కొలిచిన రిపోర్టు నేను ఒక్కటి కూడా చూడలేదు.

చెంచాలో నిమ్మకాయ

బడిలో చెంచా నోట కరుచుకుని, అందులో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తిన పందెం గుర్తుంది కదా. భుజం కీలు దాదాపు అలాంటిదే. చెయ్యి ఎముక పైకొన పెద్ద గుండు. అది ఆనుకునే గుంట లోతులేని చిన్న చెంచా. తుంటిలో అలా కాదు, అక్కడ ఎముక గుండు లోతైన గిన్నెలో కూర్చుంటుంది, అందుకే తుంటి అంత తేలిగ్గా జారదు. భుజానికి లోతు లేకపోవడం వల్లే మనం చేతిని తల చుట్టూ గుండ్రంగా తిప్పగలుగుతున్నాం. ఆ స్వేచ్ఛకు బదులు స్థిరత్వం తగ్గింది.

నిమ్మకాయ చెంచాలోంచి జారకుండా పట్టుకునేవి నాలుగు చిన్న కండరాలు. వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. పైన ఉండేది సుప్రాస్పైనేటస్. ముందువైపు నుంచి చేతిని లోపలికి, అంటే పొట్టవైపు, తిప్పేది సబ్‌స్కాపులారిస్. వెనకవైపు నుంచి బయటికి తిప్పేవి ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరెస్ మైనర్. ఈ చివరి రెండే ఈ కథలో ముఖ్యులు, ఎందుకంటే చేతిని లోపలికి తిప్పే పనిలో సబ్‌స్కాపులారిస్‌కు ఛాతీ కండరం, వీపున రెక్కలా పరుచుకున్న లాట్స్ లాంటి పహిల్వాన్ల సాయం ఉంది. బయటికి తిప్పే పనిలో ఈ చిన్నవాటికి అంత పెద్ద సాయం లేదు.

అందుకే ఏ ఆటా ఆడని ఆరోగ్యవంతుడిలో కూడా బయటికి తిప్పే బలం లోపలికి తిప్పే బలం కంటే తక్కువే. సుమారు మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా, అంటే 66 నుంచి 75 శాతం, మామూలు అనుకుంటారు. సమానంగా ఉండాలని ఎవరూ అనరు. ‘బ్యాలెన్స్’ అంటే త్రాసు ముల్లు మధ్యలో నిలవడం అని మనసులో పడిపోతే ఇక్కడే పొరపాటు మొదలవుతుంది.

ఒక చెయ్యి ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతుంది?

ఫ్రీస్టైల్‌లో చెయ్యి ముందుకు చాచి నీళ్లలో దిగుతుంది, నీటిని పట్టుకుంటుంది, పొట్ట కింద నుంచి తొడ దాకా వెనక్కి నెడుతుంది, పైకి లేచి గాలిలో ముందుకొస్తుంది. ఒంటిని ముందుకు నడిపేది నీటిలో లాగే ఆ భాగమే. ఆ పని చేసేవి ప్రధానంగా ఛాతీ, లాట్స్, సబ్‌స్కాపులారిస్, అంటే లోపలికి తిప్పే జట్టు. గాలిలో చెయ్యి ముందుకొచ్చేటప్పుడు బయటికి తిప్పే జట్టు పనిచేస్తుంది, కానీ గాలికి నీటికున్నంత బరువు లేదు కదా.

మా ఎదురింటి అమ్మాయి లెక్కే చూద్దాం. 25 మీటర్ల పూల్‌లో ఒక చివర నుంచి ఇంకో చివరకు 20 స్ట్రోకులు, చేతికి 10. రోజుకు 4 కిలోమీటర్లు అంటే ఆ చివర నుంచి ఈ చివరకు 160 సార్లు. చేతికి 1,600 స్ట్రోకులు. వారానికి ఆరు రోజులకు 9,600. ఏడాదిలో 46 వారాలనుకుంటే 4,41,600. ఇందులో నాలుగో వంతు కాళ్లపని అని తీసేసినా 3,31,200 మిగులుతుంది. ఒక్కో చేతితో నీటిని మూడు లక్షలసార్లకు పైగా లోపలికి, వెనక్కి లాగడం. 13 ఏళ్ల పిల్ల.

నాకు ఈ అంకె చూశాకే సంగతి బుర్రకెక్కింది. ముందు తాడు ఏడాదికి మూడు లక్షలసార్లు బిగుసుకుంటోంది.

వెనక కండరం బలహీనపడలేదు, ముందు కండరం ఎదిగింది

ఆ రెండో రిపోర్టులో వెనక పేజీలో ఇంకో రెండు అంకెలున్నాయి. వాటి మీద ఎర్రరంగు లేదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. చేతిని బయటికి తిప్పే బలం: కుడి 8.4 కిలోలు, ఎడమ 8.4 కిలోలు.

ఇప్పుడు ఒక్కో భుజాన్ని విడిగా చూడండి. కుడి: బయటికి 8.4, లోపలికి 14. నిష్పత్తి 60 శాతం. ఎడమ: బయటికి 8.4, లోపలికి 12. నిష్పత్తి 70 శాతం. మామూలు అనుకునే 66 నుంచి 75 మధ్యలో ఉన్నది ‘బలహీనం’ అని ఎర్రగా రాసిన ఎడమ భుజం. ఆ గీతకు దిగువన ఉన్నది ‘బలమైన’ కుడి. నొప్పి పుడుతున్నదీ కుడివైపే.

ఏడాది కిందట వాళ్ల కోచ్ సీజన్ మొదట్లో రాసుకున్న కొలత కూడా దొరికింది. అప్పుడు కుడి చెయ్యి లోపలికి 11.5, బయటికి 8, దాదాపు 70 శాతం. ఏడాదిలో బయటి బలం 0.4 కిలో పెరిగింది. అంటే తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. అదే సమయంలో లోపలి బలం 2.5 కిలోలు పెరిగింది. నిష్పత్తి పడిపోయింది అందుకే. ‘పిల్ల వెనక కండరాలు వీక్ అయిపోయాయి’ అనడం తప్పు. ఆమె ఈత బాగా నేర్చుకుంది, వెనక తాడును ఎవరూ బిగించలేదు.

ఇక ఎర్ర అక్షరాలను నమ్మి ఎడమ చేత్తో లోపలికి లాగే వ్యాయామం మూణ్నెల్లు చేయించి ఉంటే ఏమయ్యేది? ఎడమ కూడా 14కు చేరేది. కుడి ఎడమల తేడా సున్నా. రిపోర్టు పచ్చగా మారేది. ఎడమ నిష్పత్తి కూడా 60 శాతానికి దిగేది. ఒక రకం ఇంబ్యాలెన్స్‌ను సరిదిద్దుతూ ఇంకో రకాన్ని తెచ్చిపెట్టుకోవడం అంటే ఇదే. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఈ ఉదాహరణే.

కుడి ఎడమల తేడా ఎంతుంటే ఎక్కువ?

10 శాతం లోపు తేడా ఉంటే సమానంగానే ఉన్నట్టు అనేది చాలాచోట్ల వాడే గీత. అది వాడుకలో స్థిరపడిన ఒక అంచనా, 9 శాతం దగ్గర భద్రత ముగిసి 11 దగ్గర ప్రమాదం మొదలవుతుందని కాదు. పైగా చేత్తో పట్టుకునే యంత్రంతో ఒకే రోజు మూడుసార్లు కొలిచినా అంకె కదులుతుంది. పట్టుకున్న మనిషి ఎంత గట్టిగా ఆపాడు, పిల్ల పొద్దున ఈత కొట్టి వచ్చిందా, మోచేయి ఎంత దూరంలో పెట్టింది, అన్నీ లెక్కలోకి వస్తాయి. 14 అన్నది 13.5 కావచ్చు, 12 అన్నది 12.5 కావచ్చు. అప్పుడు తేడా 1 కిలో, అంటే 7.4 శాతం, ఎర్రరంగు మాయం.

అయినా కుడి ఎడమల తేడాకు కారణాలున్నాయి, అవి తెలుసుకోదగ్గవి. కుడిచేతి వాటం ఒకటి. ఊపిరి తీసుకునే వైపు ఇంకొకటి. ఈ అమ్మాయి ఎప్పుడూ ఎడమవైపే తల తిప్పి ఊపిరి తీసుకుంటుంది. తల ఎడమకు తిరిగి ఉన్నంతసేపూ కుడి చెయ్యి ముందుకు చాచి ఉంటుంది. ముంచకుండా నిలబెట్టే ఊతం ఆ చెయ్యే. అలసిన పిల్లలు ఆ క్షణంలో చేతిని నీటి మీద కిందికి నొక్కుతారు. లాగడానికి ముందే భుజం మీద భారం పడుతుంది.

దీనికి విరుగుడుగా మూడు స్ట్రోకులకొకసారి, రెండువైపులా మార్చి మార్చి ఊపిరి తీసుకోమని చాలామంది కోచ్‌లు చెబుతారు. నేర్చుకునే వయసులో అది మంచి అలవాటనే నేనూ అనుకుంటాను. కానీ ఒకవైపే ఊపిరి తీయడం తప్పు అనేవాళ్లు కేటీ లెడెక్కీని ఒకసారి చూడాలి. ఒలింపిక్స్‌లో 9 స్వర్ణాలు గెలిచిన ఆమె ప్రధానంగా కుడివైపే ఊపిరి తీస్తుంది, స్ట్రోకు కూడా గుర్రం దౌడులా ఒకవైపు ఒరిగి ఉంటుంది. రెండు చేతుల సమయం సమానంగా ఉండదు. ఎక్కువ దూరం ఈదేటప్పుడు గాలి ఎక్కువ అందడం కూడా ముఖ్యమే. అసమానంగా ఉన్నదంతా లోపం కాదు.

రెక్క ఎముక అలసిపోతే

వీపు పైభాగాన తడిమితే ముక్కోణపు పలకలాంటి ఎముక తగులుతుంది. రెక్క ఎముక అందాం. ఇందాకటి చెంచా ఈ ఎముకకున్న భాగమే. అంటే చెయ్యి పైకి లేచినప్పుడు నిమ్మకాయతోపాటు చెంచా కూడా తిరగాలి. తిరగకపోతే పైన ఎముకల మధ్య ఇరుకు సందులో సుప్రాస్పైనేటస్ టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు, నలుగుతుంది. ఫ్రీస్టైల్ స్ట్రోకులో సగటున నాలుగోవంతు సమయం భుజం ఇలా ఇరుక్కునే భంగిమలో ఉంటుందని 2000లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

చెంచాను తిప్పే పనిలో ముఖ్యమైనది సెరాటస్ యాంటీరియర్, పక్కటెముకల మీద చేతివేళ్లు పరిచినట్టు ఉండే కండరం. మిగతా కండరాలు స్ట్రోకులో ఒక దశలో పనిచేసి ఇంకో దశలో సేదతీరుతాయి. ఫ్రీస్టైల్‌లో దీనికీ సబ్‌స్కాపులారిస్‌కూ ఆ విరామం దాదాపు లేదని కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచిన పరిశోధనల్లో తేలింది. విరామం లేనిది త్వరగా అలసిపోతుంది.

ఎంత త్వరగా? 2011లో వచ్చిన ఒక పరిశోధనలో భుజం నొప్పి ఎన్నడూ లేని 78 మంది పోటీ ఈతగాళ్లను ఒక ప్రాక్టీస్ సెషన్ మధ్యమధ్యలో ఆపి రెక్క ఎముక కదలికను చూశారు. సెషన్‌లో పావు భాగం అయ్యేసరికి 37 శాతం మందిలో కదలిక గాడి తప్పింది. సగం అయ్యేసరికి 68 శాతం. చివరికి 82 శాతం. వీళ్లంతా ఆరోగ్యవంతులు. పొద్దున పూల్‌లోకి దిగేముందు పరీక్ష చేస్తే వీళ్లలో చాలామందికి ‘అంతా నార్మల్’ అని వచ్చేదేమో.

ఓపిక గురించి ఇందాక చెప్పింది దీని కోసమే. అయిదు సెకన్ల బలాన్ని కొలిచి రెండు గంటల ప్రాక్టీస్ గురించి తీర్పు చెప్పలేం.

నొప్పికి కారణం ఇదేనా? మూడు వాదనలు

ఈతగాళ్ల భుజం నొప్పికి ‘స్విమ్మర్స్ షోల్డర్’ అని పేరు పెట్టింది కెనడా వైద్యులు కెన్నెడీ, హాకిన్స్, 1974లో. అప్పటినుంచీ ఇది ఒక జబ్బా, లేక చాలా జబ్బులకు ఒకే పేరా అన్న చర్చ నడుస్తూనే ఉంది.

ఒక వాదన, నిష్పత్తి చెడిపోతే గుండు గుంటలో సరిగ్గా కూర్చోదు, టెండన్ నలుగుతుంది, నొప్పి వస్తుంది, కాబట్టి ముందు నిష్పత్తిని సరిచేయాలి అంటుంది. వినడానికి తర్కం బిగువుగా ఉంది. చిక్కల్లా ఏమిటంటే, నిష్పత్తి తక్కువ ఉండీ హాయిగా ఈదేవాళ్లున్నారు, నిష్పత్తి బాగుండీ నొప్పితో బాధపడేవాళ్లున్నారు. నొప్పి వల్ల నొక్కలేక బలం తక్కువ చూపించేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ఏది కారణం, ఏది ఫలితం?

రెండో వాదన, అసలు దోషి ఈదే దూరమే అంటుంది. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు 13 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్న 80 మంది మేటి ఈతగాళ్లను పరిశీలిస్తే 91 శాతం మంది భుజం నొప్పి ఉందన్నారు. ఎమ్మారై తీసిన 52 మందిలో 36 మందికి సుప్రాస్పైనేటస్ టెండన్ దెబ్బతిని కనబడింది. దానితో గట్టిగా ముడిపడి కనిపించినవి వారానికి ఈదిన గంటలూ కిలోమీటర్లూ. ఈ వాదన ప్రకారం రబ్బరు బ్యాండ్ ఎంత లాగినా, వేసవి క్యాంపులో ఒక్కసారిగా రోజుకు రెండు సెషన్లు పెడితే భుజం తట్టుకోదు.

మూడోది చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. నిష్పత్తి మారడం లోపం కాదు, ఒళ్లు ఆటకు తగ్గట్టు మలచుకోవడం అంటారు వీళ్లు. టెన్నిస్ ఆడేవాళ్ల ఒక చెయ్యి లావుగా ఉన్నట్టే. నీటిని లాగే బలం పెరగకుండా వేగం పెరగదు కదా, పెరిగిన బలాన్ని రోగం అంటే ఎలా?

2015లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను జల్లెడ పట్టింది. భుజం నొప్పికి ఫలానాదే కారణమని అత్యంత గట్టి ఆధారంతో చెప్పగలిగింది ఒక్కటీ దొరకలేదు. ఒక మోస్తరు ఆధారం ఉన్నవాటిలో కీలు వదులుగా ఉండటం, చెయ్యి లోపలికీ బయటికీ తిరిగే తీరు, అంతకుముందు అదే భుజానికి నొప్పి వచ్చి ఉండటం ఉన్నాయి. నా మటుకు నేను వీటన్నిటినీ కలిపి ఇలా అర్థం చేసుకున్నాను: దూరం భారం మోపుతుంది, ఆ భారాన్ని ఎంత మోయగలమో కండరాల పొందిక నిర్ణయిస్తుంది. ఒక్క అంకె చూసి తీర్పు ఇవ్వడం రెండువైపులా అన్యాయమే. నొప్పి లేని పిల్లను రోగిని చేస్తుంది, నొప్పి ఉన్న పిల్లకు ‘నంబర్లు బాగానే ఉన్నాయి, ఈదు’ అంటుంది.

సరిదిద్దడం అంటే ఒంట్లో ఏం జరుగుతుంది

సరిదిద్దడం అంటే ముందువైపు బలాన్ని తగ్గించడమని కొందరు అనుకుంటారు. ఏ కోచ్ కూడా దానికి ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు. మన అమ్మాయి కుడి భుజం 70 శాతానికి రావాలంటే 14లో 70 శాతం, అంటే 9.8 కిలోలు కావాలి. ఇప్పుడున్నది 8.4. పెరగాల్సింది 1.4 కిలోలు. కానీ ఈలోగా ఈత ఆగదు, లోపలి బలం 15కు చేరితే లక్ష్యం 10.5కు జరుగుతుంది. అందుకే దీన్ని ఒకసారి చేసి వదిలేసే రిపేరులా చూడటం కుదరదు.

పోర్చుగల్‌లో యువ ఈతగాళ్ల మీద జరిగిన అధ్యయనాల్లో సరిగ్గా ఇదే కనబడింది. ఈత మాత్రమే కొట్టినవాళ్లలో సీజన్ నడిచేకొద్దీ నిష్పత్తి తగ్గింది. ఈతతోపాటు గట్టు మీద, అంటే కోచ్‌లు డ్రైల్యాండ్ అనే చోట, భుజాల వ్యాయామం చేసినవాళ్లలో మెరుగుపడింది. అది ఆపేశాక ఆ లాభం కరిగిపోయింది.

గట్టు మీద చేయించేవి చూడ్డానికి చాలా సాదాగా ఉంటాయి. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి, రబ్బరు బ్యాండ్‌ను బయటికి లాగడం. తువ్వాలు ఎందుకంటే అది జారిందంటే మోచెయ్యి కదిలిందని, అంటే చిన్న కండరం చేయాల్సిన పని పెద్ద కండరం చేస్తోందని తెలిసిపోతుంది. బోర్లా పడుకుని చేతుల్ని రెక్కల్లా పైకెత్తడం రెక్క ఎముకల మధ్య కండరాల కోసం. పుష్‌అప్ పూర్తయ్యాక వీపును ఇంకాస్త పైకి నెట్టి ఆపడం సెరాటస్ కోసం. బరువు తక్కువ, సార్లు ఎక్కువ ఉండేలా చూస్తారు, ఎందుకంటే కావలసింది మూడో కిలోమీటరులోనూ నిలిచే ఓపిక. ఇక ఈతకు ముందే వీటిని అలసిపోయేదాకా చేయిస్తే, అలసిన కాపలాదారుణ్ణి డ్యూటీకి పంపినట్టవుతుంది. అందుకే కష్టమైన భాగాన్ని ఈత తర్వాతో, వేరే పూటో పెడతారు.

మొదటి మూడు నాలుగు వారాల్లో అంకె పెరిగితే అది ఎక్కువగా నరాల చలవ. ఉన్న కండరాన్నే మెదడు బాగా పనిలోకి దించడం నేర్చుకుంటుంది. కండరం నిజంగా బలపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. టెండన్ ఇంకా నెమ్మది. నెల తిరక్కుండానే ‘సరైపోయింది’ అని పాత దూరాలకు వెళ్లిపోయేవాళ్లు మళ్లీ నొప్పితో రావడం నేను కళ్లారా చూశాను.

వ్యాయామం ఒక్కటే కాదు, భారాన్ని తగ్గించడమూ సరిదిద్దడంలో భాగమే. చేతికి ప్యాడిల్స్, అంటే నీటిని ఎక్కువగా నెట్టే ప్లాస్టిక్ పలకలు, తొడిగితే ఒక్కో స్ట్రోకుకు భుజం మోసే బరువు పెరుగుతుంది. భుజం నొప్పి ఉన్నప్పుడు ‘సరే, కాళ్లపని చెయ్యి’ అని కిక్‌బోర్డు ఇస్తుంటారు. మంచి మనసుతోనే ఇస్తారు. కానీ రెండు చేతులూ తలకు ముందు చాచి బోర్డు మీద ఒత్తిపెట్టడం అంటే భుజాన్ని సరిగ్గా ఆ ఇరుకు భంగిమలోనే అరగంట ఉంచడం. బోర్డు లేకుండా వెల్లకిలా తేలుతూ, చేతులు పక్కన పెట్టుకుని కాళ్లు ఆడిస్తే ఆ బాధ ఉండదు.

స్ట్రెచింగ్ గురించి ఒక్కమాట. పిల్లల చేతులు రెండూ వెనక్కి పట్టుకుని స్నేహితులు లాగడం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. చాలామంది ఈతగాళ్ల కీళ్లు ముందే వదులు. ఛాతీ ముందుభాగం కండరం బిగుసుకుంటే దాన్ని సాగదీయడం వేరు, వదులు కీలును ఇంకా వదులు చేయడం వేరు. రెండో పని చూస్తే నాకు భయమేస్తుంది.

బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఈదే పెద్దవాళ్లకు

మనవాళ్లలో చాలామంది పగలంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాత్రి అపార్ట్‌మెంట్ పూల్‌లో అరగంట ఈదుతారు. వాళ్ల సమస్య మూడు లక్షల స్ట్రోకులు కాదు. తొమ్మిది గంటలు భుజాలు ముందుకు వంగి, ఛాతీ ముందుభాగం పొట్టిపడి, అదే భంగిమతో నీళ్లలోకి దిగడం. నెల రోజులు మానేసి ఒక ఆదివారం కిలోమీటరున్నర ఈదితే భుజానికి అది హఠాత్తుగా వచ్చిన బరువే. నిష్పత్తులు కొలిపించుకోవడానికి ముందు వాళ్లు చూసుకోదగ్గది వారం వారం ఎంత ఈదుతున్నామన్న లెక్క. బ్రెస్ట్‌స్ట్రోక్ మాత్రమే ఈదేవాళ్లకైతే చర్చ భుజం నుంచి మోకాలి లోపలివైపుకు, తొడ లోపలి కండరాలకు మారుతుంది. ఆ కిక్ మోకాలి లోపలి లిగమెంట్‌ను, అంటే ఎముకనూ ఎముకనూ కలిపే తాడును, పక్కకు సాగదీస్తుంది కాబట్టి.

ఎదిగే పిల్లల కొలతలు ఎందుకు నిలకడగా ఉండవు

11 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలు ఒక్కసారిగా పొడుగవుతారు. ఎముక ముందు సాగుతుంది, కండరం బలం తర్వాత అందుకుంటుంది. చెయ్యి పొడవైతే అదే కండరం మీద అదే నీరు ఎక్కువ భారం వేస్తుంది. ఆ నెలల్లో తీసిన ఒక్క కొలత ఆ రోజు సంగతే చెబుతుంది. మూడు నెలలకొకసారి, అదే యంత్రంతో, అదే మనిషి, అదే సమయానికి తీస్తే అంకెలు ఎటు నడుస్తున్నాయో తెలుస్తుంది. రాత్రి నిద్రలో లేపే నొప్పి, చెయ్యి జారిపోతున్నట్టు అనిపించడం, వేళ్లలో తిమ్మిరి ఉంటే మాత్రం కొలతలకు కాదు, నేరుగా డాక్టరు దగ్గరకే.

ఎదురింటి అమ్మాయి ఈత మానలేదు. మూడు వారాలు దూరాన్ని సగానికి తగ్గించారు, ప్యాడిల్స్ పక్కన పెట్టారు, వారానికి నాలుగుసార్లు గట్టు మీద పావుగంట భుజాలకు కేటాయించారు, కుడివైపు కూడా ఊపిరి తీయడం అలవాటు చేస్తున్నారు. 12 వారాల తర్వాత మొదటిచోటే కొలిపించారు. కుడి: లోపలికి 14.5, బయటికి 9.5, దాదాపు 66 శాతం. ఎడమ: లోపలికి 12.6, బయటికి 9.2, 73 శాతం. నొప్పి పోయింది. ఇన్ని ఒకేసారి మార్చారు కాబట్టి ఏది పనిచేసిందో విడదీసి చెప్పడానికి లేదు. కుడి ఎడమల తేడా 13.1 శాతం. ఆ కాగితం మీద అది ఇప్పటికీ ఎర్రగానే ఉంది. రేపు పొద్దున అయిదుంబావుకు వాళ్ల స్కూటర్ బయల్దేరుతుంది.